చాథం నుంచి చాథం దాకా

మొన్న బుధవారం నేనేం చేశానో చెప్తాను. ముందు ఒక మాట ఇవ్వండి, మా ఆయనకి మాత్రం చెప్పకూడదు. ఆయన పనిచేసే ఓడ ఇప్పుడు నికోబార్ వైపు ఉంది, సిగ్నల్ లేదు. తిరిగొచ్చేలోపు నేనే ఏదో ఒక పద్ధతిలో చెప్పుకుంటాను. ఇరవై నిమిషాల బోటు ప్రయాణానికి నాకు రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. సముద్రం ప్రశాంతంగానే ఉంది. బోటుకి ఏ జబ్బూ లేదు. జబ్బంతా నాది!

మా పిల్లలిద్దరూ వైజాగ్‌లో మా అక్క దగ్గర ఉండి చదువుకుంటున్నారని మీకు తెలుసు. చరణ్ ఇంటర్ పూర్తి చేశాడు, హారిక తొమ్మిదో తరగతి. ఇక్కడ దీవిలో, డైరీ ఫార్మ్ పేటలో నేనొక్కదాన్నే ఉండి, ఫోన్‌లో పిల్లల్ని పెంచుతున్నాను. నవ్వకండి. నిజంగానే పెంచుతున్నాను. ఏం తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు, గొడుగు తీసుకెళ్ళారా, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. స్కూల్ లైబ్రరీలో పనిచేసే మనిషిని, రాయకపోతే నాకు తోచదు. పిల్లలు ఏ సినిమా చూడాలన్నా ముందు నేను చూస్తాను. ఏ యాప్ పెట్టుకోవాలన్నా ఆ షరతులన్నీ చివరిదాకా చదువుతాను. షరతులు చదివే మనిషిని ఈ భూమ్మీద నన్నొక్కదాన్నే చూశానని మా హారిక అంటుంది.

పరీక్షలయ్యాక చరణ్ ఒక ఆట అడిగాడు.

"పాత గేమ్ అమ్మా. నువ్వు పుట్టినప్పటిది. చిన్న స్పేస్‌షిప్ ఉంటుంది. ఎడమ నుంచి కుడికి వెళ్తూ కాల్చుకుంటూ పోవడమే."

"ఎవర్ని కాల్చాలి?"

"శత్రువుల ఓడల్ని."

"ఎందుకు?"

"అమ్మా!"

"చూసి చెప్తాను."

ఆ 'చూసి చెప్తాను' అన్న మాటే నా కొంప ముంచింది.

ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీశాను. పైన తేదీ వేసి రాశాను: 'రక్తం: లేదు. మనుషులు: కనపడరు. చెడ్డ మాటలు: లేవు. సంగీతం: కొంచెం గోల.' పది నిమిషాలకి అలారం పెట్టుకుని కూర్చున్నాను.

ఆ ఆట ఎలా ఉంటుందంటే, స్క్రీన్ దానంతట అదే కదులుతూ ఉంటుంది. మీరు ఆగినా అది ఆగదు. వెనక్కి వెళ్ళే దారి లేదు. పైనా కిందా గోడలు, ఎదురుగా శత్రువులు. దారిలో మెరిసే గుళికల్లాంటివి ఏరుకుంటే మన ఓడకి బలం వస్తుంది. ఒకటి ఏరితే వేగం, ఇంకొకటి ఏరితే రెండు తుపాకులు. కష్టపడి కష్టపడి ఓడని ముస్తాబు చేసుకుంటామా, ఒక్క దెబ్బ తగిలితే చాలు, మొత్తం పోతుంది. మళ్ళీ బోసి ఓడతో మొదలు. ఏడుపొస్తుంది. ఏడవడానికి టైం ఉండదు, ఎందుకంటే స్క్రీన్ కదిలిపోతోంది!

అన్నిటికంటే నాకు నచ్చింది ఒకటుంది. ఆ ఆటలో ఆపదలన్నీ కుడివైపు నుంచే వస్తాయి. ఎంత సుఖమో ఆలోచించండి! నాకు వైజాగ్ నుంచి ఒకటి, ఓడ నుంచి ఒకటి, స్కూల్ నుంచి ఒకటి, ఇంటి పైకప్పు నుంచి ఒకటి వస్తాయి. ఎటు తిరిగి కూర్చోవాలో తెలియదు. అక్కడ మాత్రం కుడివైపు చూస్తూ కూర్చుంటే సరిపోతుంది. పదిహేడేళ్ళ తర్వాత నా భుజాలు మొదటిసారి కిందికి దిగాయి.

పది నిమిషాలకి అలారం మోగింది. అది స్క్రీన్ మీద అడ్డం వచ్చింది. నా ఓడ పేలిపోయింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, అలారం తీసేశాను.

మర్నాడు చరణ్ అడిగాడు. "చూశావా అమ్మా?"

"చూస్తున్నాను."

ఆ మర్నాడూ అడిగాడు. అదే జవాబు. ఎనిమిదో రోజు వెనక నుంచి హారిక గొంతు వినిపించింది. "సినిమాని రెండు గంటల్లో చూసి వద్దని చెప్పేస్తుంది. దీనికి ఎనిమిది రోజులేంటి?"

"బాధ్యత ఉండాలి కదా, అన్నీ చూడాలి" అన్నాను. నిజానికి నేను మూడో స్టేజ్‌లో ఇరుక్కుపోయాను. అక్కడ ఒక సన్నని సొరంగం వస్తుంది. ఎలా వెళ్ళినా చచ్చిపోతున్నాను.

ఇంతలో అసలు పని వచ్చి పడింది. చరణ్‌కి కాలేజీలో ఐలాండ్ కోటా కింద సీటు ఉంది. దానికి లోకల్ సర్టిఫికెట్ కావాలి. ఉన్నది పాతది, కొత్త తేదీతో కావాలన్నారు. నేను పుట్టిందీ చదివిందీ బాంబూఫ్లాట్ వైపు కాబట్టి మా కాగితాలన్నీ అవతలి ఒడ్డు తహసీల్ ఆఫీసులో ఉన్నాయి. బుధవారం పొద్దున్న ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, కాగితం రెడీ. సంతకం ఒక్కటే బాకీ. సాహెబ్ ఒంటిగంటకి టూర్ మీద బయల్దేరతారు. అంతకు ముందే మీరు వచ్చి రిజిస్టర్‌లో సంతకం చేస్తే, ఆయన పెట్టేస్తారు."

అదే రోజు సాయంత్రం ఐదింటికి చరణ్ ఫారం ఆఖరు. ఆ కాగితం అప్‌లోడ్ కాకపోతే కోటా సీటు లేదు. ఏడాది పోయినట్టే.

నేను ఎలాంటి మనిషినో మీకు తెలుసు. పది గంటల బోటుకి తొమ్మిదింబావుకే ఇవతలి ఒడ్డున చాథం జెట్టీ చేరాను. స్కూటర్ పార్క్ చేసి, హెల్మెట్ తగిలించి, ఫైలు, నోట్‌బుక్, పెన్ను, మంచినీళ్ళు అన్నీ రెండుసార్లు చూసుకున్నాను. ఒక్క ఫోన్ బ్యాటరీ మాత్రం సగమే ఉంది. మన దగ్గర నాలుగున్నరకే తెల్లారిపోతుంది కదా, లేచి ఏం చేస్తాను? ఛార్జింగ్‌లో పెట్టి ఆడితే వేడెక్కుతుందని, తీసి ఆడాను.

బోటు ఎక్కి పై డెక్ మీద బెంచీ చివర కూర్చున్నాను. పక్కన పైడమ్మత్త. చేపలమ్మే పైడమ్మత్త, తెలుసు కదా, బుధవారాలు బాంబూఫ్లాట్‌లో అమ్ముతుంది. చేపల గంప కింద వాహనాల దగ్గర పెట్టి పైకి వచ్చింది.

"ఏటమ్మాయ్, ఇస్కూలు లేదేటి?"

"చరణ్ సీటు పని అత్తా. ఒంటిగంట లోపు ఆఫీసుకి వెళ్ళాలి."

"ఒంటిగంటకేగా. బోల్డంత టైముంది."

ఆ మాట ఆవిడ అనకుండా ఉండాల్సింది. నాకు వినపడకుండా ఉండాల్సింది. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుంటే మనసంతా సాహెబూ, జీపూ, ఐదు గంటలూ. కాళ్ళు ఒకటే ఊపుతున్నాను. మనసు కుదుటపడ్డానికి ఒక్క పది నిమిషాలు ఆడదామనుకున్నాను. అదీ పరీక్షలో భాగమే కదా! నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని, పెన్ను చెవి మీద పెట్టుకుని మొదలుపెట్టాను. చచ్చిన ప్రతిసారీ ఎక్కడ చచ్చానో రాసుకుంటున్నాను.

బోటు ఆగింది. ర్యాంప్ దించిన చప్పుడు వినపడింది.

"అమ్మాయ్, దిగవేటి?" అంది పైడమ్మత్త.

"ఒక్క నిమిషం అత్తా, మీరు పదండి." ఇంకో లైఫ్ ఉంది మరి. మధ్యలో వదిలేస్తే ఎలా? అది కూడా నోట్‌బుక్‌లో రాశాను. అలా రాసుకునే అలవాటు ఎందుకు నాకు!

ఆ లైఫ్ చాలా సేపు నడిచింది. అంత బాగా నేనెప్పుడూ ఆడలేదు. రెండు తుపాకులు, చుట్టూ ఒక కవచం, నా ఓడ పెళ్ళికూతురులా ఉంది. మధ్యలో ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు. బోటులో తాళ్ళు కట్టే లస్కర్, నెరిసిన మీసాల మనిషి.

"మేడం, సబ్ ఠీక్ హై నా?"

"కుచ్ ఠీక్ నహీ హై" అన్నాను, తలెత్తకుండా. మూడో స్టేజ్ వచ్చేసింది మరి. నోట్‌బుక్‌లో ఒక గీత గీసి పక్కన ఏదో రాశాను. ఆయన కాసేపు నిలబడి, గబగబా వెళ్ళిపోయాడు. కొంతసేపటికి నా పక్కన బెంచీ మీద ఒక చాయ్ గ్లాసు వచ్చింది. ఎవరు పెట్టారో చూడలేదు. తాగేశాను.

ఫోన్ మోగింది. స్క్రీన్ మీద చరణ్ పేరు. సొరంగం మధ్యలో ఉన్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ, కట్ చేశాను. ఆ పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి వాళ్ళ ఫోన్ కట్ చేయడం ఇదే మొదలు. వెంటనే మెసేజ్ వచ్చింది: 'అమ్మా, కాగితం దొరికిందా?' సాహెబ్ ఎదురుగా ఉన్నానేమో, అందుకే కట్ చేశాననుకున్నాడు పాపం.

ఓడ పేలిపోయింది. మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టిన ఆటల్లో అన్ని లైఫ్‌లూ అయిపోయాయి. అప్పుడు తలెత్తాను. బోటు ఆగి ఉంది. అందరూ దిగుతున్నారు. హమ్మయ్య, సరిగ్గా టైముకే అయ్యిందని నేనూ గుంపుతో పాటు దిగి గబగబా బయటికి నడిచాను.

బయట పార్కింగ్‌లో ఒక స్కూటర్ ఉంది. అచ్చం నాలాంటిదే. అదే నీలం రంగు. అద్దానికి హెల్మెట్ తగిలించి ఉంది, దానికీ పట్టీ తెగి ఉంది. 'బాంబూఫ్లాట్‌లో కూడా నాలాంటి అజాగ్రత్త మనిషి ఉందన్నమాట' అనుకుంటూ దాటిపోయాను. నంబర్ చూసి కూడా 'భలే, నంబర్ కూడా దగ్గర దగ్గరగా ఉందే' అనుకున్నాను. కళ్ళముందు ఇంకా చుక్కలు కుడి నుంచి ఎడమకి పోతూనే ఉన్నాయి, నన్నేం చేయమంటారు?

ఆటో దగ్గరికి వెళ్ళాను. "భయ్యా, తహసీల్ ఆఫీసుకి. త్వరగా పోనివ్వండి."

"ఏ ఆఫీసు దీదీ?"

"అదే, ఇక్కడి ఆఫీసు. బాంబూఫ్లాట్ దాటి వెళ్తే ఉంటుంది కదా."

ఆటో భయ్యా నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "దీదీ, తబియత్ ఠీక్ హై? బాంబూఫ్లాట్ ఉధర్ హై." నీళ్ళ అవతలికి వేలు చూపించాడు. "యే తో చాథం హై."

వెనక్కి తిరిగి చూశాను. వెనక మన చాథం రంపపు మిల్లు. దాని పక్కన నా స్కూటర్. అవును, నాదే!

టైం పదకొండు యాభై. అంటే నేను పదింటికి ఎక్కి, బాంబూఫ్లాట్ వెళ్ళి, చాథం వచ్చి, మళ్ళీ బాంబూఫ్లాట్ వెళ్ళి, మళ్ళీ చాథం వచ్చాను. నాలుగుసార్లు నీళ్ళు దాటి, బయల్దేరిన చోటే దిగాను. ఆటలో వెనక్కి వెళ్ళే దారి లేదని మురిసిపోయాను కదా, బోటుకి ఉందని ఎవరైనా చెప్పొచ్చు కదా!

ఫోన్ నాలుగు శాతం చూపిస్తోంది. చరణ్ నుంచి మూడు మెసేజ్‌లు. చివరిది: 'అమ్మా, టెన్షన్‌గా ఉంది. ఒక్క మాట చెప్పు.' ఏం చెప్పను? 'వస్తోంది' అని కొట్టాను. ఏది వస్తోందో రాయలేదు.

మళ్ళీ అదే బోటు. పన్నెండింటికి బయల్దేరింది. ఈసారి ర్యాంప్ పక్కనే నిలబడ్డాను. ఫోన్ బ్యాగ్ అడుగున పెట్టి జిప్ వేశాను. అప్పుడు గమనించాను, పై డెక్ మీదా కింది డెక్ మీదా ఉన్న జనమంతా నారింజ రంగు లైఫ్ జాకెట్లు వేసుకుని కూర్చున్నారు. ఎండకి ఉడికిపోతూ తిట్టుకుంటున్నారు. ఎన్నేళ్ళుగానో తిరుగుతున్నాను, ఇరవై నిమిషాల దారికి అందరికీ జాకెట్లు తొడగడం నేనెప్పుడూ చూడలేదు.

నెరిసిన మీసాల లస్కర్ దగ్గరికి వచ్చి నిటారుగా నిలబడ్డాడు. "మేడం, అబ్ తో సబ్ ఠీక్ హై నా? సబ్‌కో జాకెట్ పెహనా దియా."

నాకు అప్పుడర్థమైంది. నోట్‌బుక్, చెవి మీద పెన్ను, దిగకుండా అటూ ఇటూ తిరగడం, పలకరిస్తే 'ఏదీ సరిగ్గా లేదు' అనడం. పాపం, నన్ను తనిఖీకి వచ్చిన ఆఫీసర్ అనుకున్నాడు! చాయ్ గ్లాసు కూడా ఆయనదే.

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు. కానీ పక్కనే జాకెట్‌లో చెమటలు కారుతున్న ఒక పెద్దాయన నా నోట్‌బుక్ వంకే కొరకొరా చూస్తున్నాడు. "బహుత్ అచ్ఛా" అన్నాను లస్కర్‌తో. ఆయన మొహం వెలిగిపోయింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

బాంబూఫ్లాట్‌లో ర్యాంప్ దిగగానే ఎదురుగా ఎవరు? ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, తిరుగు బోటు ఎక్కడానికి వస్తూ పైడమ్మత్త!

ఆవిడ ఆగిపోయింది. నన్ను చూసింది. బోటుని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"ఏటమ్మాయ్! నాతో ఎక్కినావు కదా? నా సేపలన్నీ అయిపోనాయి, నువ్వింకా ఇప్పుడు దిగతన్నావేటి?"

"తర్వాత చెప్తాను అత్తా!" అని పరుగో పరుగు.

ఆఫీసు చేరేసరికి పన్నెండు యాభై మూడు. గేటు దగ్గర జీపు స్టార్ట్ అయ్యి ఉంది. సాహెబ్ ఒక కాలు లోపల పెట్టి, ఒక కాలు బయట పెట్టి ఎవరితోనో మాట్లాడుతున్నారు. నేను వెళ్ళి జీపు ముందు నిలబడ్డాను. అలా చేస్తారని సినిమాల్లో చూసి, పిల్లలకి వద్దని చెప్పిన దాన్ని నేనే.

"సార్, నా కొడుకు సీటు! ఒక్క సంతకం!"

ఆయన మంచాయన. లోపలి కాలు బయట పెట్టారు. నేను రిజిస్టర్‌లో సంతకం చేశాను, ఆయన కాగితం మీద చేశారు. జీపు బానెట్ మీదే పని అయిపోయింది. కాగితం చేతికొచ్చింది.

ఫోటో తీసి చరణ్‌కి పంపాలి. ఫోన్ తీశాను. నల్లగా ఉంది. చచ్చిపోయింది. ఇందాక పోయిన లైఫ్‌లన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు!

అప్పుడు నా నోట్‌బుక్కే నన్ను కాపాడింది. మొదటి పేజీలో పిల్లల నంబర్లు, అక్క నంబర్, పక్కింటి వాళ్ళ నంబర్, అన్నీ ఉన్నాయి. ఆఫీసులో క్లర్క్ దీదీని బతిమాలాను. "దీదీ, మీ ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఈ నంబర్‌కి పంపిస్తారా?" ఆవిడ నంబర్ ఎక్కించుకుంది. ఫ్యాన్ గాలికి కాగితం లేచిపోతోంది. కింద ఏదైనా గట్టిది పెట్టమంది. నోట్‌బుక్ మధ్యకి తెరిచి బల్ల మీద పెట్టి, దాని మీద కాగితం పరిచి, నాలుగు మూలలూ వేళ్ళతో పట్టుకున్నాను. ఆవిడ తీసింది, పంపింది. రెండు టిక్కులు పడ్డాయి. ఒక నిమిషంలో జవాబు కూడా వచ్చింది: 'వచ్చింది ఆంటీ, థాంక్స్. అమ్మకి చెప్పండి.'

బల్ల మీద తలవాల్చి ఐదు నిమిషాలు అలాగే కూర్చున్నాను. దీదీ మంచినీళ్ళిచ్చింది. కొడుకు సీటు కోసం ఎంత కష్టపడుతోందో ఈ తల్లి అనుకుని ఉంటుంది.

ఇంటికొచ్చి ఫోన్ ఛార్జింగ్ పెట్టి, స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టాను. ఐదున్నరకి చరణ్ ఫోన్ చేశాడు.

"అప్‌లోడ్ అయిపోయిందమ్మా. వాళ్ళు అందిందని మెసేజ్ కూడా ఇచ్చారు."

"హమ్మయ్య."

"చాలా కష్టపడ్డావు కదా. బోటు లేటయ్యిందా?"

మా ఇంట్లో అబద్ధం ఆడకూడదన్న రూల్ పెట్టింది నేనే. "ఊఁ" అన్నాను. ఊఁ అంటే అబద్ధం కిందికి రాదని ఆ క్షణంలో తేల్చుకున్నాను.

"పాపం" అన్నాడు. వెనక హారిక నోరు నొక్కుకుని నవ్వుతున్న చప్పుడు.

"ఏంట్రా?"

"ఏం లేదమ్మా. ఫోటోలో సర్టిఫికెట్ కింద నీ నోట్‌బుక్ కూడా పడింది. క్రాప్ చేయాలంటే చూడాలి కదా. చూశాను."

నోట్‌బుక్ తీసి గబగబా ఆ పేజీ వెతికాను.

చరణ్ చదవడం మొదలుపెట్టాడు. "'10-20. బాంబూఫ్లాట్ వచ్చింది. ఇంకో లైఫ్ ఉంది. అది అయ్యాక దిగాలి.' దాని కింద, 'మూడో స్టేజ్. పై నుంచి వెళ్ళాను, చచ్చాను. మళ్ళీ పై నుంచి, చచ్చాను. మళ్ళీ...' మొత్తం పదకొండుసార్లు ఉందమ్మా."

"అది పరీక్షరా. చూసి చెప్తానన్నాను కదా."

"మరి చూశావు కదా, చెప్పు. ఆడొచ్చా?"

గొంతు సవరించుకుని, ఉన్న గౌరవమంతా కూడగట్టుకున్నాను. "రోజుకి పది నిమిషాలు. అంతే. ఒక్క నిమిషం ఎక్కువ కాకూడదు."

"ఎవరికి?" అంది హారిక వెనక నుంచి.

"నోరు మూసుకుని చదువుకోండి ఇద్దరూ" అని పెట్టేయబోతుంటే చరణ్ అన్నాడు, "అమ్మా, ఒక్క మాట. ఆ సొరంగంలో పై నుంచి వెళ్తే ఎవరూ బతకరు. కింద గోడని ఆనుకుని వెళ్ళు."

ఠక్కున ఫోన్ పెట్టేశాను. తల్లికి చెప్పేంతవాడయ్యాడా! కోపంతో గదిలో అటూ ఇటూ తిరిగాను. వంట చేశాను. బట్టలు మడతపెట్టాను. అలారం పెట్టుకుని, సరిగ్గా పది నిమిషాలే కూర్చున్నాను.

వాడు చెప్పింది నిజమే. కింద నుంచి దారి ఉంది.

ఇప్పుడు నాలుగో స్టేజ్‌లో ఇరుక్కున్నాను. వాణ్ణి అడగడానికి మొహం చెల్లడం లేదు.